ఎక్కడ దొరికిందో తెలియని తాబేలు

పోయిన నెలలో మా మేనల్లుడు ఆన్‌లైన్‌లో తెప్పించుకున్న రాయి ఒకటి పట్టుకుని వైజాగ్ ఎంవీపీ కాలనీలో మా ఇంటికి వచ్చాడు. అరచేతిలో పట్టేంత గుండ్రటి రాయి, నున్నగా పాలిష్ పట్టి ఉంది. బూడిదరంగు పలకలు, వాటి మధ్య పసుప్పచ్చ గీతలు. చూడగానే తాబేలు డిప్పే అనిపిస్తుంది. డబ్బా మీద "తాబేలు శిలాజం, ఒరిజినల్" అని అచ్చేశారు.

"మావయ్యా, నిజం తాబేలేనా ఇది?"

"ఎక్కడ దొరికిందటరా?"

"అది రాయలేదు. ఎక్కడ దొరికితే ఏముంది మావయ్యా, తాబేలో కాదో చెప్పు చాలు."

ఆ మాటే ఇదంతా రాయిస్తోంది. వాడిని తప్పుపట్టడానికి కాదు. బాగా చదువుకున్నవాళ్లు కూడా శిలాజం అనగానే అద్దాల బీరువాలో పెట్టుకునే వస్తువనే అనుకుంటారు. నేను ఇక్కడి ఆంధ్రా యూనివర్సిటీలో జియాలజీ చదివాను. ఉద్యోగం వేరే దారి పట్టినా రాళ్ల మీద మక్కువ తగ్గలేదు. ఇన్నేళ్లుగా చదివినదీ చూసినదీ కలిపి నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం ఏమిటంటే, శిలాజం కన్నా అది పడి ఉన్న రాతిపొర ముఖ్యం. పొర నుంచి విడదీసి, చోటు చెప్పకుండా అమ్మే శిలాజం పోస్టుముద్ర లేని ఉత్తరం. లోపలి అక్షరాలు కనిపిస్తాయి, ఎవరు ఎప్పుడు ఎక్కడి నుంచి రాశారో తెలియదు.

మా వాడి రాయి సంగతి ముందు తేల్చేస్తాను. అది తాబేలు కాదు. సముద్రపు బురదలో సున్నం గడ్డకట్టి, ఆ గడ్డ లోపల పగుళ్లు వచ్చి, వాటిలో కాల్సైట్ అనే సున్నపు ఖనిజం నిండితే ఇలాంటి ఉండలు తయారవుతాయి. సెప్టేరియన్ నాడ్యూల్ అంటారు. మడగాస్కర్ నుంచి బజారుకి బోలెడు వస్తాయి. గుర్తుపట్టడం కష్టం కాదు. నిజమైన తాబేలు డిప్ప మీద రెండు రకాల గీతలు ఉంటాయి. ఎముక పలకలు ఒకదాన్నొకటి పట్టుకునే సన్నటి వంకరటింకర అతుకులు ఒక రకం. వాటిపైన గోళ్ల పదార్థంతో ఉండే పెచ్చులు వదిలిన వెడల్పు గాడులు రెండో రకం. ఈ రెండూ ఒకదాని మీద ఒకటి పడవు, పక్కకి జరిగి ఉంటాయి. డిప్ప గట్టిగా నిలవడానికి అదీ ఒక కారణం. మా వాడి రాయి మీద ఉన్నది ఒకే రకం గీత, అదీ నేరుగా ఉండ నడిబొడ్డుకి దిగిపోయింది.

అది నిజం తాబేలే అయి ఉన్నా నేను అడిగేది అదే ప్రశ్న. ఎక్కడిది?

మన కొండల్లో ఎందుకు లేదు

వైజాగ్‌లో పెరిగిన పిల్లలు అడిగే ప్రశ్న ఒకటుంది. ఇంత సముద్రం, ఇన్ని కొండలు పెట్టుకుని మనకి శిలాజాలు లేవేం అని. కైలాసగిరి, సింహాచలం, యారాడ కొండ, అన్నీ ప్రధానంగా ఖొండలైట్, చార్నకైట్ రాళ్లే. ఖొండలైట్ ఒకప్పుడు బురద, ఇసుకే. కానీ భూమి లోతుల్లోకి వెళ్లి, ఎముకల మాట అటుంచి ఖనిజాలే మారిపోయేంత వేడికీ ఒత్తిడికీ లోనైంది. బంకమట్టి పోయి గార్నెట్, సిల్లిమనైట్ వచ్చాయి. కొండ ఎక్కే దారిలో రాయి మీద ఎర్రటి గింజల్లా మెరిసేవి ఆ గార్నెట్లే. పైగా ఆ బురద పేరుకున్న నాటికి భూమ్మీద తాబేలు కాదు కదా, వెన్నెముక ఉన్న జీవే లేదు. ఖొండలైట్ అలా మారి సుమారు వంద కోట్ల ఏళ్లు. తాబేళ్ల చరిత్ర పాతిక కోట్ల ఏళ్లకి కాస్త అటూ ఇటూ.

భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు దానికి పూర్తిగా వ్యతిరేకం. ఇవి వయసులో మరీ చిన్నవి, నిన్నమొన్నటివి అనాలి. గాలీ వాననీళ్లూ తేలిగ్గా దూరిపోయే ఎర్ర ఇసుకలో ఎముక నిలవదు. ఒకటి మరీ పాతది, మరీ కాలినది. ఇంకొకటి మరీ కొత్తది, మరీ గుల్ల. ఏ పొరలో వెతకాలో, ఎక్కడ వెతకడం దండగో ముందు రాయే చెబుతుంది. శిలాజాల వేటలో తొలి అడుగు మ్యాపు చదవడం, సుత్తి పట్టడం తర్వాత.

జోడుగుళ్లపాలెంలో చూసింది

జనవరి నుంచి మార్చి దాకా మన తీరంలో నడిచేవాళ్లకి చచ్చిన ఆలివ్ రిడ్లే తాబేళ్లు కనిపిస్తూనే ఉంటాయి. గుడ్లు పెట్టడానికి ఒడ్డుకి వస్తూ మరబోట్ల వలల్లో చిక్కి, పైకి వచ్చి గాలి పీల్చుకునే వీల్లేక చచ్చిపోతాయి. సాధారణంగా ఎవరో ఒకరు ఇసుకలో పూడ్చేస్తారు. ఒక ఏడాది జోడుగుళ్లపాలెం వైపు రాళ్ల చాటున పడినది మాత్రం ఎవరి కంటా పడలేదు. ఉదయం నడకకి వెళ్లినప్పుడల్లా కాసేపు ఆగి చూసేవాణ్ణి. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన ఒకరు నన్ను చూసి, "తల్లి తాబేలు బాబూ, గుడ్లెట్టడానికొచ్చింది" అన్నారు.

ముందు కళ్లు పోయాయి, కాకుల పని. తర్వాత పొట్ట ఉబ్బింది. ఈ దశలో నీళ్లలో ఉండుంటే తేలుతూ ఎంత దూరమైనా కొట్టుకుపోయేది, ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది. కొన్నాళ్లకి వీపు మీది పెచ్చుల అంచులు ఎండి పైకి లేచాయి. గాలికి ఒకటొకటే ఊడిపోయాక కింద తెల్లటి ఎముక, దాని మీద సూదిపళ్ల లాంటి అతుకులు. మెత్తటి భాగాలు కుళ్లేకొద్దీ అతుకులు వదిలాయి. కుక్కలు తలో పలకా లాక్కుపోయాయి. ఒక పలక తిరగేసి చూస్తే లోపలివైపు పక్కటెముక గట్టులా సాగి, పలకలో కలిసిపోయి ఉంది. తాబేలు డిప్ప వేరే కవచం కాదు, పక్కటెముకలూ వెన్నుపూసలూ వెడల్పై అల్లుకున్నదే అని పుస్తకంలో చదవడం వేరు, అక్కడ చూడడం వేరు. చట్టం ప్రకారం అది ఇంటికి తెచ్చుకోకూడదు, తేవాలని కూడా అనిపించలేదు. అక్కడే పెట్టేశాను. వేసవి వచ్చేసరికి అక్కడొక తాబేలు ఉండేదని చెప్పే గుర్తే లేదు.

ఒక డిప్పలో యాభైకి పైగా ఎముకలు ఉంటాయి. అన్నీ విడిపోకుండా రాయిలో నిలవాలంటే చచ్చిన వెంటనే మెత్తటి బురద కప్పాలి, నీరు కదలకూడదు, కుళ్లబెట్టే ప్రాణవాయువు అందకూడదు. అలలు కొట్టే మన బీచ్ దీనికి పూర్తిగా పనికిరాని చోటు. కాబట్టి పూర్తి తాబేలు శిలాజం ఎక్కడైనా దొరికితే అది తన గురించి చెప్పేదాని కంటే ఆ నీటి గురించి, ఆ బురద గురించి ఎక్కువ చెబుతుంది. ముక్కలు ముక్కలుగా దొరికితే అదీ సమాచారమే. నది తోసుకొచ్చిందనో, చచ్చి చాలాకాలం పైన పడి ఉందనో అర్థం.

మెసెల్ జంటలు

నా వాదనకి జర్మనీలోని మెసెల్ గోతిని మించిన సాక్ష్యం లేదు. సుమారు 4.7 కోట్ల ఏళ్ల కిందట అది అగ్నిపర్వతం పేలిన గుంటలో ఏర్పడ్డ లోతైన సరస్సు. దాని అడుగున పేరుకున్న నల్లటి ఆయిల్ షేల్‌లో అలాయికెలిస్ అనే మంచినీటి తాబేళ్లు చాలా దొరికాయి. వాటిలో తొమ్మిది జంటలు. ఒక్కో జంటలో ఒకటి కాస్త పెద్దది, ఆడది. రెండోది చిన్నది, మగది. రెండింటి వెనక భాగాలూ ఎదురెదురుగా ఉన్నాయి, కొన్నింట్లో మగదాని తోక ఆడదాని డిప్ప అంచు కిందికి వెళ్లి ఉంది. సంగమంలో ఉండగా చనిపోయిన జంటలని 2012లో ప్రచురించారు. వెన్నెముక ఉన్న జీవుల్లో సంగమ సమయంలోనే శిలాజాలైనవాటికి తొలి ఉదాహరణగా వీటిని లెక్కిస్తారు.

అందులో నాకు నచ్చింది ఆ తర్వాతి ఆలోచన. సరస్సు పైనీరే విషపూరితమై ఉంటే అవి జతకట్టడానికి దిగేవే కావు. కాబట్టి పైనీరు మంచిదే. జతకట్టిన తాబేళ్లు ఈదడం మాని నెమ్మదిగా మునుగుతాయి. నీటిలోని ప్రాణవాయువుని చర్మంతో తీసుకునే రకం కాబట్టి చాలాసేపు మునిగి ఉండగలవు. అదే చర్మం లోతుల్లోని విషాన్ని కూడా లోపలికి తీసుకుంది. రెండు తాబేళ్లు ఎలా పడి ఉన్నాయన్న దాన్నుంచి ఒక సరస్సు పైనీరు, అడుగునీరు ఎలా ఉండేవో తెలిసింది. పక్కపక్కన ఉన్నవాటిని ఎవరో విడదీసి, శుభ్రం చేసి, చెరొకటి చెరొక కొనుగోలుదారుడికి అమ్మి ఉంటే? తాబేళ్లు రెండూ క్షేమంగానే ఉండేవి. తెలిసింది మాత్రం సున్నా.

ఆ గొయ్యి మిగలడం కూడా ఊరికే జరగలేదు. ఆ షేల్ తవ్విన గని మూతపడ్డాక దాన్ని చెత్త డంపుగా మార్చాలని చూశారు. స్థానికులూ శాస్త్రవేత్తలూ ఏళ్ల తరబడి అడ్డుపడ్డారు. 1991లో హెస్సె రాష్ట్ర ప్రభుత్వం కొనేసింది, 1995లో యునెస్కో జాబితాలో చేరింది. ఎర్రమట్టి దిబ్బల దగ్గర తవ్వకాలు, చదును చేయడాల వార్తలు వచ్చినప్పుడల్లా నాకు మెసెల్ గుర్తొస్తుంది. దిబ్బల్లో తాబేళ్లు లేవు, అయినా సముద్రమట్టం ఎప్పుడు దిగిందో, గాలి ఇసుకని ఎలా పేర్చిందో ఆ పొరల్లోనే ఉంది.

నాకున్న సందేహాలు

నా వాదన మీద నాకే వచ్చే ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. వాటిని దాటేస్తే ఇది రాయడంలో అర్థం లేదు.

మొదటిది, పొర తప్పుదోవ పట్టించగలదు. చైనాలో గుయిజౌ దగ్గర 22 కోట్ల ఏళ్ల నాటి రాళ్లలో దొరికిన ఓడొంటోకెలిస్‌ని 2008లో ప్రకటించారు. నోట్లో పళ్లు, పొట్టవైపు పూర్తి డిప్ప, వీపు మీద మాత్రం పక్కటెముకలు వెడల్పయ్యాయే కానీ డిప్ప లేదు. అది దొరికింది సముద్రపు పొరలో. కనుక తాబేలు డిప్ప నీళ్లలోనే, కింది నుంచి వచ్చే శత్రువుల కోసం మొదలైందని దాన్ని కనుగొన్నవాళ్లు అన్నారు. వాళ్ల వ్యాసం అచ్చైన పత్రిక అదే సంచికలో ఇంకొకరు, నీటి జీవితానికి అలవాటుపడి వీపు డిప్ప తగ్గిపోయి ఉండొచ్చు కదా అని ఎదురు ప్రశ్న వేశారు. జర్మనీలో దొరికిన ప్రొగానోకెలిస్, కాలంలో దానికన్నా కాస్త ఇవతలిదే, ముంగాళ్ల నిష్పత్తులు చూస్తే నేలమీది తాబేలులా ఉంది. దక్షిణాఫ్రికాలో 26 కోట్ల ఏళ్ల నాటి యూనోటోసారస్‌కి డిప్ప లేదు, వెడల్పు పక్కటెముకలు మాత్రం ఉన్నాయి. వాటి మొదటి ఉపయోగం రక్షణ కాదు, నేల తవ్వేటప్పుడు ఒంటిని నిలదొక్కుకోవడం అని 2016లో ప్రతిపాదించారు. పొట్ట ఉబ్బిన కళేబరం ఎక్కడికైనా తేలుతూ పోతుందని పైన అన్నాను. నేల మీద బతికినది సముద్రపు బురదలో పడొచ్చు. చచ్చిన చోటు చెప్పేది పొర, బతికిన తీరు చెప్పేది ఎముక. నేను పొరని ముందు పెట్టడానికి కారణం ఒక్కటే. ఎముకని వందేళ్ల తర్వాత కూడా మళ్లీ కొలవచ్చు. తవ్వేసిన పొరని మళ్లీ పేర్చలేం.

రెండోది కొంచెం ఇబ్బంది పెట్టే ప్రశ్న. శిలాజాల్ని కనిపెట్టేది ఎక్కువగా మామూలు జనమే. వాళ్లని దూరం పెడితే అసలు ఏం దొరుకుతుంది? నిజమే. యూనోటోసారస్ నమూనాల్లో బాగా ఉపయోగపడిన ఒకటి, ఎనిమిదేళ్ల పిల్లాడు తండ్రి పొలంలో చూసి మ్యూజియానికి అందించినది. నేను జనాన్ని దూరం పెట్టమనడం లేదు. ఆ పిల్లాడి ఎముక పనికొచ్చింది ఏ పొలమో తెలుసు కాబట్టి. చోటు చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు.

ఇంకో ఘటన. ఇక్కడికి దగ్గర్లోనే ఒక కాలేజీలో పాత నమూనాల బీరువా చూశాను. గట్టి గోధుమరంగు రాయిలో ఎముక పలక ఒకటి, అంచున అతుకు పళ్లు స్పష్టంగా. తాబేలు అయి ఉండటానికి బాగా ఆస్కారం ఉంది. లేబుల్ మీద "శిలాజం" అని ఒక్క మాట, కింద పెన్సిల్ అంకె. ఆ అంకె ఏ రిజిస్టరుదో చెప్పేవాళ్లు లేరు. అది ఎవరో ఎండలో నడిచి, సుత్తితో తీసి, గోనెసంచిలో మోసుకొచ్చింది. ఆ కష్టమంతా ఒక్క కాగితం పోవడంతో పోయింది. బజారులో కొన్నదానికీ దీనికీ ఇప్పుడు తేడా లేదు.

దక్కన్ లావాల మధ్య

మన దేశపు తాబేళ్ల దగ్గరకి వస్తే పొర విలువ ఇంకా బాగా కనిపిస్తుంది. ప్రాణహిత-గోదావరి లోయలో 'కోట' అని పిలిచే రాతిపొరల నుంచి 2000లో ఇండోకెలిస్ అనే తాబేలుని వర్ణించారు. భారతదేశంలో జురాసిక్ కాలపు తొలి తాబేలు అది, దొరికింది నాటి ఆదిలాబాద్ జిల్లాలో. హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబెట్టిన కోటసారస్ డైనోసార్ వచ్చింది కూడా ఆ కోట శిలల్లోంచే. డైనోసార్ ముందు ఫొటోలు దిగే పిల్లలకి ఆ పొరలోనే తాబేలు కూడా ఉందని చెబితే కళ్లు పెద్దవి చేస్తారు, నేను చెప్పి చూశాను.

తమిళనాడు కల్లమేడు నుంచి 2001లో కూర్మడెమిస్ అనే తాబేలు వచ్చింది, డైనోసార్ల చివరి యుగమైన క్రెటేషియస్ చివరి నాటిది. దాని బంధువు సంకుచెమిస్, ముంబైలో లావా పొరల మధ్య చిక్కిన మట్టిలో దొరికి 2003లో పేరు పెట్టుకుంది. దాన్నీ క్రెటేషియస్ చివరిదిగానే రాశారు. అయితే ముంబై లావాల వయసు కొలతలు ఆ మట్టిని 6.6 కోట్ల ఏళ్ల నాటి మహా వినాశనానికి ఇవతలి పక్కకి, పేలియోసీన్ వైపు లాగుతున్నాయి. ఆ మాట నిలబడితే ఈ తాబేలు డైనోసార్లతో కలిసి బతికినది కాక, అవి పోయాక కూడా మిగిలిన వంశానిది అవుతుంది. తాబేలు ఎముకని ఎవరూ ముట్టుకోలేదు. పైనా కిందా ఉన్న రాయిని కొలిస్తే దాని కథ మారిపోతోంది. ఏ రెండు లావాల నడుమ దొరికిందో రాసి పెట్టి ఉండకపోతే ఈ చర్చకే చోటు లేదు.

దక్కన్ పీఠభూమిని పరిచిన ఆ లావాలు మన దాకా వచ్చాయి. పడమటి కనుమల వైపు నుంచి వెయ్యి కిలోమీటర్లకి పైగా ప్రవహించి రాజమండ్రి దగ్గర సముద్రానికి చేరాయని భూశాస్త్రవేత్తలు చెబుతారు. కాటేరు, దుద్దుకూరు, పంగిడి క్వారీల్లో పైలావాకీ కిందిలావాకీ మధ్య సున్నపు పొరలు కనిపిస్తాయి. వాటిలోని సూక్ష్మ సముద్రజీవుల గవ్వలు చూసే, దక్కన్ లావాల పెద్ద ఉప్పెన సరిగ్గా ఆ వినాశనం నాటికి ముగిసిందని 2008లో రాశారు. ప్రపంచంలో ఎక్కడెక్కడి వాళ్లో వచ్చి చూసే పొరలవి. మనం వైజాగ్ నుంచి రైలెక్కితే కొన్ని గంటల దూరం.

ఇక్కడే నాకు తేలని విషయం ఉంది. ఆ పొర కనిపిస్తున్నది క్వారీ వల్లే. కంకర కోసం కొండ కోయకపోతే లోపల ఏముందో ఎవరూ చూసేవారు కాదు. మెసెల్ కూడా గనే. మన రోడ్లకీ ఇళ్లకీ కంకర కావాలి, ఆ పని మీద బతికే కుటుంబాలు ఉన్నాయి. అదే బ్లాస్టింగ్ రేపు ఆ పొరనే క్రషర్‌లోకి పంపుతుంది. క్వారీలు మూసెయ్యాలని నేను అనను. ముంబైలో 19వ శతాబ్దంలోనే తాబేళ్లు దొరికిన గుట్టలున్న చోట ఇవాళ మేడలు ఉన్నాయి. అక్కడ మళ్లీ వెతికే వీలు లేదు. రాజమండ్రికి ఇంకా ఆ గతి పట్టలేదు.

చట్టం వైపు చూస్తే, భూవారసత్వ స్థలాలూ అవశేషాల రక్షణ కోసం కేంద్ర గనుల శాఖ 2022 డిసెంబరులో ఒక ముసాయిదా బయటపెట్టింది. అధికారాలన్నీ జీఎస్‌ఐ (కేంద్ర భూగర్భ సర్వే సంస్థ) చేతిలో ఉంటే యూనివర్సిటీ పరిశోధకుల దారి మూసుకుపోతుందని అభ్యంతరాలు వచ్చాయి. నాకు ఆ అభ్యంతరాలు సబబుగానే అనిపించాయి. కానీ చోటు రాయకుండా శిలాజం అమ్మడాన్ని ఆపే నిబంధన ఏ రూపంలో వచ్చినా నేను ఒప్పుకుంటాను.

చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. ఈ ఊళ్లో, రాజమండ్రిలో జియాలజీ చదివే పిల్లలున్నారు. ఏడాదికోసారి క్వారీ యజమాని అనుమతితో వెళ్లి, బ్లాస్టింగ్ ముందు గోడని ఫొటో తీసి, టేపుతో ప్రతి పొర మందమూ కొలిచి, ఒక్కో పొర నుంచి పిడికెడు మట్టి సంచిలో వేసి, లేబుల్ మీద చోటూ ఎత్తూ తేదీ రాసి తెచ్చుకోవచ్చు. కోయడం అయిపోయిన క్వారీల్లో ఒక్క గోడని చెత్త పొయ్యకుండా, నీళ్లు నింపకుండా వదిలెయ్యమని పంచాయతీని అడగొచ్చు. లావా వయసు ఇప్పటికన్నా కచ్చితంగా కొలిచే పరికరం రేపు వస్తే, అప్పుడు కొలవడానికి రాయి అక్కడ ఉండాలి.